ముట్టుకుంటే బొబ్బ: తెగిన తాడు ఆచూకీ తీసిన డాక్టరు

ఆసుపత్రిలో కాన్పయింది. నర్సు బిడ్డను అందుకుని మెత్తటి గుడ్డతో తుడిచింది. గుడ్డ ఒత్తుకున్న చోటల్లా తోలు లేచి వచ్చింది. మోకాళ్ళ కింద ఎర్రటి పచ్చిపుండు. పాలు తాగబోతే పెదవుల లోపల బొబ్బలు. చంకల్లో చేతులు పెట్టి ఎత్తితే అక్కడా బొబ్బలే. కొందరు పిల్లలు ఇలా పుడతారు. లక్షల్లో కొద్దిమందే కావచ్చు. పుట్టిన ఇంటికి మాత్రం అది కొండంత కష్టం.

ఇలాంటి బిడ్డ పుడితే మన ఊళ్ళలో ఏమంటారో వేరే చెప్పనక్కర్లేదు. వంశంలో ఎవరో పామును చంపారు, నాగదోషం తగిలింది అంటారు. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కడతారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనీ, తినరానిది తిన్నదనీ తల్లిని నిలదీస్తారు. అంటుకుంటుందేమోనని ఇరుగుపొరుగు తమ పిల్లల్ని ఆ గడప తొక్కనివ్వరు. తిరిగి తిరిగి మాట పడేది ఆ తల్లే.

ఇది అంటురోగం కాదు. శాపమూ కాదు. తల్లి చేసిన తప్పు అంతకన్నా కాదు. దీని పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా. నోరు తిరగని పేరు. డాక్టర్లే దీన్ని 'ఇ.బి.' అని పొట్టిగా పిలుచుకుంటారు. మనమూ అలాగే అందాం. జర్మనీ డాక్టరు హైన్‌రిష్ కోబ్నర్ 1886లో ఈ పేరు పెట్టాడు. పేరైతే పెట్టారు గానీ, తోలు ఎందుకు ఊడుతోందో తెలియడానికి మరో వందేళ్ళు పట్టింది.

ఆ కారణాన్ని వెతికి పట్టుకున్నవారిలో ముందు వరసలో చెప్పుకోవలసిన వ్యక్తి డాక్టర్ జౌని ఉయిట్టో. ఫిన్లండులో 1943లో పుట్టి, అమెరికాలో చర్మవ్యాధుల ప్రొఫెసరుగా పనిచేసి, 2022లో కన్నుమూశారు. ఎక్కడో మంచుదేశంలో పుట్టినాయన సంగతి మనకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. ఆయన జీవితమంతా చేసిన పని నేరుగా మన పెళ్ళి పందిట్లోకి వస్తుంది. అదెలాగో ముందుకు పోతే తెలుస్తుంది.

కాళ్ళ పులుసులోని జిగురు

ఫిన్లండు ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన ఉంది. అడవులు, చెరువులు ఎక్కువ, మనుషులు తక్కువ. పూర్వం కొద్ది కుటుంబాలు వెళ్ళి మారుమూల పల్లెలు కట్టుకున్నాయి. తరతరాలుగా ఆ పల్లెల వాళ్ళు చుట్టుపక్కలే సంబంధాలు కలుపుకున్నారు. అందువల్ల మిగతా లోకంలో అరుదుగా ఉండే వంశపారంపర్య జబ్బులు కొన్ని అక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. సుమారు 40 జబ్బులను అక్కడి డాక్టర్లు జాబితా కట్టి, వాటికి 'ఫిన్లండు జబ్బుల వారసత్వం' అని పేరు కూడా పెట్టారు. తమ దేశపు జబ్బులని సిగ్గుపడి దాచుకోకుండా వాళ్ళే లెక్క రాసుకోవడం గమనించదగ్గ విషయం.

ఆ దేశపు రాజధాని హెల్సింకీలోనే ఉయిట్టో వైద్యం చదివారు. 1970 నాటికి వైద్య పట్టాతో పాటు పరిశోధన డాక్టరేటు కూడా చేతికొచ్చింది. ఆయన ఎంచుకున్న వస్తువు కొల్లాజెన్. ఇదేదో కొత్త పదార్థం అనుకోవద్దు. మేకకాళ్ళ పులుసు రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి గడ్డ కడుతుంది కదా, అది కొల్లాజెన్ చలవే. మన ఒంట్లో ఎముకలు, నరాల పట్టీలు, తోలు అన్నిటినీ పట్టి నిలబెట్టే నార అది. ఒంట్లో ఉన్న మాంసకృత్తులన్నిటిలోకీ ఎక్కువ మోతాదులో ఉండేదీ అదే.

తర్వాత అమెరికా వెళ్ళి, కొల్లాజెన్ పరిశోధనలో పేరున్న డార్విన్ ప్రాకాప్ దగ్గర పనిచేశారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యంలో తరిఫీదు పొందారు. కొంతకాలం కాలిఫోర్నియాలో ఉద్యోగం. 1986లో ఫిలడెల్ఫియా నగరంలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల శాఖకు అధిపతి అయ్యారు. ఆ తర్వాత ఇల్లు మారలేదు. మూడు దశాబ్దాలకు పైగా అక్కడే.

రోగిని చూసే డాక్టరుకు ప్రయోగశాల తెలియదు. ప్రయోగశాలలో కూర్చున్నవాడికి రోగి మొహం తెలియదు. వైద్యరంగంలో ఎప్పటినుంచో ఉన్న లోటు ఇది. రెండూ తెలిసిన కొద్దిమందిలో ఉయిట్టో ఒకరు.

తాటాకు కప్పు, కట్టుతాడు

మన తోలు ఒక్క పొర కాదు. పైతోలు వేరు, దాని కింద లోతోలు వేరు. పూరింటి కప్పు తలచుకోండి. తాటాకు పైతోలు అనుకుంటే, కింది వాసాలు లోతోలు. తాటాకును ఊరికే వాసాల మీద పరిస్తే గాలికి నిలవదు, తాటినారతో బిగించి కట్టాలి. మన తోలులోనూ అలాంటి కట్టుతాళ్ళు ఉన్నాయి. కంటికి కనపడనంత సన్నం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కొక్కేల్లా వంపు తిరిగి, పైపొరను కిందిపొరకు పట్టి ఉంచుతాయి. ఈ తాళ్ళు ఏడో రకం కొల్లాజెన్‌తో పేనినవని 1980లలో రాబర్ట్ బర్జెసన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడి బృందం తేల్చింది.

ఇ.బి.లో చాలా రకాలున్నాయి. అన్నీ ఒకే చోట తెగవు. తేలిక రకంలో తాటాకే పెళుసుగా ఉంటుంది, అంటే పైతోలు కణాలే బలహీనం. అలాంటివారికి ఎక్కువగా అరికాళ్ళు, అరచేతుల్లో బొబ్బలు లేస్తాయి, ఎండాకాలం నడిస్తే మరీ ఎక్కువ. దాని కారణం 1991లో బయటపడింది. కరడుగట్టిన రకం వేరు. అందులో కట్టుతాడే ఉండదు. బొబ్బ పగిలిన చోటల్లా మచ్చ కడుతుంది. మచ్చ మీద మళ్ళీ బొబ్బ, మళ్ళీ మచ్చ. ఇలా కొన్నేళ్ళు గడిచేసరికి చేతివేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి పిడికిలిలా మూసుకుపోతాయి. గొంతు లోపల కూడా బొబ్బలు లేచి అన్ననాళం సన్నబడుతుంది, ముద్ద దిగదు. ఆ బాధ దాటి పెద్దవాళ్ళయినవారిని మానని పుండ్ల మీద పుట్టే చర్మ క్యాన్సరు పట్టుకుంటుంది.

ఉయిట్టో బృందం ఈ కరడుగట్టిన రకం వెంట పడింది. ఏడో రకం కొల్లాజెన్ ఎలా పేనాలో ఒంట్లో ఒక రాత ఉంటుంది. దాన్నే జన్యువు అంటారు. ఆ రాత మనిషి కణంలోని 3వ క్రోమోజోము మీద ఉంది. ఇ.బి. ఉన్న కుటుంబాల్లో జబ్బు, ఈ జన్యువు జంటగా తరం నుంచి తరానికి దిగుతున్నాయని 1991లో ఆ బృందం చూపింది. దొంగ ఏ ఊళ్ళో ఉన్నాడో తెలిసింది. ఇక ఇల్లు వెతకాలి. అదే కష్టం. ఈ జన్యువు 118 ముక్కలుగా ఉంది. అప్పటిదాకా పూర్తిగా చదివిన ఏ జన్యువులోనూ అన్ని ముక్కలు లేవు. ఇప్పుడు యంత్రాలు కొద్ది రోజుల్లో చదివి పెడుతున్నాయి గానీ, ఆ రోజుల్లో ఒక్కో ముక్క చేత్తో చదవాల్సిందే.

1993లో ఫలితం వచ్చింది. జబ్బుతో ఉన్న ఇద్దరు తోబుట్టువుల్లో తెగిన చోటు దొరికింది. ఏడో రకం కొల్లాజెన్ అంటే 2,944 పూసల దండ అనుకోండి. ఆ పిల్లలిద్దరిలో ఒక్క పూస మారింది. ఉండవలసిన పూస చోట వేరొకటి పడింది. అంత పొడుగు దండలో ఒక్క పూస తేడాకు ఒళ్ళంతా పుండు.

ఈ పని ముందుండి చేసిన యువ పరిశోధకురాలు ఏంజెలా క్రిస్టియానో. క్షురక వృత్తి చేసుకునే ఇంటి పిల్ల. తర్వాత ఆమె న్యూయార్కు వెళ్ళి, జుట్టు పేనుకొరుకుడులా ఊడిపోయే జబ్బు మీద పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆ జబ్బు ఆమెకే వచ్చింది మరి.

దస్తావేజుకు రెండు ప్రతులు

ఇక్కడ పాఠకులకు ఒక అనుమానం రావాలి. జబ్బు వంశపారంపర్యం అంటున్నారు. మరి ఆ పిల్లల తల్లిదండ్రులు నిక్షేపంగా ఉన్నారే?

పొలం దస్తావేజుకు రెండు ప్రతులు ఉన్నాయనుకోండి. ఒకటి చెదలు తిన్నా రెండోది ఉంటే పని జరుగుతుంది. రెండూ చెడితేనే చిక్కు. మనిషిలో దాదాపు ప్రతి జన్యువుకూ ఇలాగే రెండు ప్రతులుంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చాడు. కరడుగట్టిన ఇ.బి.లో తండ్రి దగ్గర ఒక చెడ్డ ప్రతి, ఒక మంచి ప్రతి ఉంటాయి. తల్లి దగ్గరా అంతే. ఇద్దరికీ ఒంటి మీద గీత కూడా పడదు. ఇద్దరూ తమ చెడ్డ ప్రతినే ఇచ్చినప్పుడు మాత్రం బిడ్డకు జబ్బు వస్తుంది.

అంటే తల్లి వైపు నుంచి ఎంత వచ్చిందో తండ్రి వైపు నుంచీ అంతే వచ్చింది. అటు వీసమెత్తు ఎక్కువ లేదు, ఇటు వీసమెత్తు తక్కువ లేదు. 'నీ పుట్టింటి రోగం మా ఇంటికి తెచ్చావు' అనే మాటకు ఈ జబ్బులో చోటే లేదు.

ఇలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ భయం లేదనుకుంటారు. అలా కాదు. నాలుగు గవ్వలు దాచిన సంచిలోంచి ఒకటి తీసి, మళ్ళీ సంచిలోనే వేసి, మళ్ళీ తీస్తున్నట్టు. ప్రతిసారీ లెక్క మొదటికే వస్తుంది. వరసగా ఇద్దరికి వచ్చిన ఇళ్ళూ ఉన్నాయి, ఒక్కరికీ రాని ఇళ్ళూ ఉన్నాయి.

తెగిన చోటు తెలిశాక ఒక మేలు జరిగింది. ఇంతకుముందు కడుపులో బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడాలంటే అయిదో నెల దగ్గరపడే దాకా ఆగి, గర్భంలోని శిశువు తోలు ముక్క తీసి చూసేవారు. 1990ల మధ్య నుంచి మూడో నెలలోనే మావి నుంచి చిటికెడు ముక్క తీసి జన్యువు చదివి చెప్పగలుగుతున్నారు. ఈ పద్ధతిని ఇ.బి.లో నిలబెట్టిన వాళ్ళలో ఉయిట్టో బృందం ఒకటి.

ఈకలు పీకిన కోడి మెడ

ఆయన చేయి పెట్టిన మరో జబ్బు సంగతి కొంచెం చిత్రమైనది. దీని పేరు సూడోజాంథోమా ఎలాస్టికమ్. పేరు మరిచిపోయినా ఫరవాలేదు, గుర్తు మరవకండి. మెడ పక్కల, చంకల్లో పసుప్పచ్చటి చిన్న గుబ్బలు లేచి, ఈకలు పీకిన కోడి తోలులా కనిపిస్తుంది. నొప్పి లేదు, దురద లేదు. ఏదో చర్మం తీరు అని ఊరుకుంటారు. నడివయసుకు వచ్చేసరికి కంటిచూపు మధ్యలో మసకలు కమ్ముతాయి. కాళ్ళలో, గుండెలో రక్తనాళాలు గట్టిపడతాయి. తోలు, కన్ను, నాళాలు మూడింటిలోనూ సున్నం పేరుకుపోవడం దీనికి కారణం.

1994 డిసెంబరులో అమెరికాలో షారన్ టెరీ, పాట్రిక్ టెరీ అనే దంపతుల ఇద్దరు పిల్లలకూ ఈ జబ్బు ఉందని తేలింది. ఇద్దరూ సైన్సు చదివినవాళ్ళు కారు. లైబ్రరీలకు వెళ్ళి వైద్య పత్రికలు నకలు తీసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివారు. 1995లో రోగుల సంఘం పెట్టారు. దేశదేశాల్లో రోగుల ఆచూకీ తీసి రక్తం నమూనాలు సేకరించారు. రాత్రిపూట వేరేవాళ్ళ ప్రయోగశాలలో ఒక బల్ల అరువడిగి తామే పనిచేశారు. 2000లో ఆ జబ్బు జన్యువు దొరికింది. ఒకటికి మించి బృందాలు ఇంచుమించు ఒకేసారి పట్టుకున్నాయి, వాటిలో ఉయిట్టో బృందమూ ఉంది. ఇదీ రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బు.

అసలు ఆశ్చర్యం అప్పుడే మొదలైంది. ఈ జన్యువు పనిచేసే చోటు తోలు కాదు. ఎక్కువగా పనిచేసేది కాలేయంలో. తోలు మీద కనిపించే జబ్బుకు మూలం లివరులో ఎలా ఉంటుంది? ఉయిట్టో బృందం ఎలుకల మీద చూసింది. జబ్బు ఎలుక తోలు ముక్క తీసి మంచి ఎలుకకు అతికించారు. సున్నం పట్టలేదు. మంచి ఎలుక తోలు తీసి జబ్బు ఎలుకకు అతికించారు. సున్నం పట్టింది. అంటే లోపం తోలులో లేదు, ఒంట్లో తిరిగే రక్తంలో ఉంది. బావిలో ఉప్పు ఉంటే ఏ పాదులో మొక్క నాటినా ఒకటే కదా. 2009లో ఈ ఫలితం అచ్చయింది. సున్నం పట్టకుండా కాపాడే పదార్థం కాలేయం నుంచి రక్తంలోకి సరిగా చేరకపోవడమే కారణమని 2013లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు తేల్చారు.

పెళ్ళి పందిట్లోకి

ఇక మన సంగతికి వద్దాం. చివరి ఏళ్ళలో ఉయిట్టో ఇరాన్ దేశపు కుటుంబాలతో పనిచేశారు. ఇరాన్ నుంచి వచ్చిన యువ పరిశోధకులు ఫిలడెల్ఫియాలో ఆయన దగ్గర చేరారు, అక్కడి చర్మవైద్యులు రోగుల వివరాలు పంపారు. ఆ దేశంలో దగ్గరి బంధువుల మధ్య పెళ్ళి ఆనవాయితీ. 2017లో వాళ్ళు అచ్చు వేసిన ఒక అధ్యయనంలో 152 పెద్ద కుటుంబాల లెక్క ఉంది. కరడుగట్టిన ఇ.బి. ఉన్న కుటుంబాలవి. దగ్గరి సంబంధాలు ఎక్కువగా ఉన్న కుటుంబాలని ఆ వ్యాసం తలకట్టులోనే రాశారు.

దగ్గరి పెళ్ళికీ ఈ జబ్బుకూ ఏమిటి లంకె? పెళ్ళి జబ్బును పుట్టించదు. ఎప్పటినుంచో దాగి ఉన్న చెడ్డ ప్రతులు రెండింటిని ఒకచోటికి చేరుస్తుంది. అంతే. ముక్కూమొహం తెలియని ఇద్దరికి పెళ్ళయితే, ఒకే జన్యువులో ఇద్దరికీ చెడ్డ ప్రతి ఉండటం అరుదు. ఒకే తాత మనుమలయితే ఆ తాత చెడ్డ ప్రతి రెండు దారుల్లో దిగి వచ్చి ఒక బిడ్డలో కలుసుకోవచ్చు.

లెక్క వేసి చూద్దాం. ఒక ఇంట్లో పెద్దాయన దగ్గర చెడ్డ ప్రతి ఒకటి ఉంది. అది ఆయన కొడుక్కి వచ్చే అవకాశం సగం. కూతురికి సగం. ఆ కూతురి కూతురికి పావు. ఇప్పుడు కొడుకు తన అక్క కూతుర్ని చేసుకుంటే, మొగుడూ పెళ్ళాం ఇద్దరిలోనూ ఆ ప్రతి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 32లో ఒకటి. మేనత్త కొడుకూ మేనమామ కూతురూ అయితే 64లో ఒకటి. పరాయి సంబంధమైతే వేలల్లో ఒకటి కూడా ఉండదు.

ఇంకో సంగతి. ఇరాన్‌లో మేనమామ, మేనత్త, చిన్నాన్నల పిల్లల మధ్య పెళ్ళిళ్ళున్నాయి గానీ, మేనమామ అక్క కూతుర్ని చేసుకోవడం వాళ్ళ మతంలో నిషిద్ధం. మనకు అదీ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి రక్తసంబంధీకుల మధ్యే.

మేనరికాన్ని ఆడిపోసుకోవడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. పొలం చెదరదు, పిల్ల కళ్ళెదుటే ఉంటుంది, కట్నం బాధ తక్కువ, అత్తే మేనత్త కనుక చూసీ చూడనట్టు పోతుంది. ఇవన్నీ నిజాలే. మేనరికం చేసుకున్న జంటల్లో ఎక్కువమందికి చక్కటి పిల్లలే పుడతారు. అది కూడా నిజమే. పైన చెప్పిన 32లో ఒకటి అనే లెక్క కూడా ఆ ఇంటి పెద్దలో చెడ్డ ప్రతి ఉంటేనే వర్తిస్తుంది. ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? వంశంలో అలాంటి బిడ్డ ఒకరు పుట్టి ఉంటే. పసిగుడ్డుగానే పోయిన బిడ్డ కావచ్చు. 'ఒళ్ళంతా పుండ్లతో పుట్టాడు, నెల కూడా బతకలేదు' అని అమ్మమ్మ ఎప్పుడో అన్న మాట కావచ్చు. ఆ మాట పెళ్ళిమాటల్లో ఎవరూ ఎత్తరు. దాచిపెడతారు. జాతకాలు చూపిస్తారు, ఈ ముక్క చెప్పరు. అలాంటి వంశంలో మళ్ళీ అదే ఇంటి పిల్లను తెచ్చుకునే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. చెడ్డ ప్రతి ఒక్కరిలోనే ఉంటే ఆ పెళ్ళికి ఈ జబ్బు వల్ల అడ్డే లేదు.

మేనరికం కానంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చా అంటే, పూర్తిగా కాదు. ఫిన్లండులో మేనరికాలు లేవు. అయినా కొద్దిమంది పూర్వీకుల సంతానం కావడం వల్ల చెడ్డ ప్రతులు కలిశాయి. తరతరాలుగా ఒకే కులంలో, ఒకే తెగలో పెళ్ళిళ్ళు చేసుకునే మన దేశంలోనూ అదే జరుగుతున్నదని హైదరాబాదు సిసిఎంబి శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి చేసిన పరిశోధనల్లో తేలింది.

ఆయన చూడని గెలుపు

జన్యువు దొరికితే జబ్బు నయమైనట్టేనా? 1993లో అందరూ అలాగే ఆశపడ్డారు. నయం చేసే దారి దొరకడానికి ముప్ఫయ్యేళ్ళు పట్టింది. మధ్యలో ఇటలీ డాక్టరు మికేలే దే లూకా వేరొక రకం ఇ.బి. మీద ఒక సాహసం చేశారు. రోగి ఒంట్లో మిగిలిన మంచి చోటు నుంచి తోలు కణాలు తీసి, వాటిలో సరైన జన్యువు చేర్చి, పాత్రల్లో నారుమడిలా పెంచి, తిరిగి రోగికి అతికించారు. 2006లో ఒకరి తొడల మీద చేసి చూపారు. 2015లో జర్మనీలో ఉన్న ఏడేళ్ళ సిరియా శరణార్థి బాలుడికి ఒంటి తోలులో 80 శాతం ఇలా కొత్తగా వేశారు. చావు అంచున ఉన్న పిల్లవాడు బడికి వెళ్ళాడు. 2017లో ఈ వివరాలు అచ్చయ్యాయి.

ఉయిట్టో వెంటపడిన కరడుగట్టిన రకానికి వచ్చిన మందు ఇంకా సులువైనది. అది పూతమందు. పెదవుల మీద పొక్కులు తెప్పించే వైరసు నుంచి చెడు చేసే భాగం తీసేసి, అందులో ఏడో రకం కొల్లాజెన్ జన్యువు పెట్టారు. జెల్లులో కలిపి వారానికోసారి పుండు మీద చుక్కలు వేస్తారు. ఆ చోట తాళ్ళు తయారై పుండు మూసుకుంటుంది. 2023 మే నెలలో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. అప్పటికి ఉయిట్టో లేరు.

ఈ మందు జబ్బును వేళ్ళతో పెకలించదు. పూసిన పుండును మానుస్తుంది, కొన్నాళ్ళకు మళ్ళీ పూయాలి. ఏడాదికి లక్షల డాలర్ల ఖర్చు. మన పల్లె బిడ్డకు అందే ధర కాదు. కనుక మన చేతుల్లో ఉన్నది రెండే. బిడ్డను జాగ్రత్తగా చూసుకోవడం, తర్వాతి కాన్పుకు ముందు పరీక్ష చేయించుకోవడం.

ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే

పుట్టిన బిడ్డకు బొబ్బలు లేచినంత మాత్రాన ఇ.బి. అని నిర్ణయానికి రాకూడదు. చీము పుట్టించే క్రిముల వల్లా వస్తాయి, అవి మందులతో తగ్గిపోతాయి. ముందు పిల్లల డాక్టరుకు, ఆపైన చర్మ డాక్టరుకు చూపించాలి.

ఇ.బి. అని తేలితే బిడ్డను చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదు. ఒక చెయ్యి పిరుదుల కింద, ఒక చెయ్యి మెడ కింద పెట్టి, మెత్తటి పరుపుతో సహా ఎత్తాలి. బట్టలు తిరగేసి, కుట్లు బయటికి వచ్చేలా తొడగాలి. అంటుకునే ప్లాస్టరు ఎక్కడా వేయకూడదు. తీసేటప్పుడు తోలు దాంతోనే వస్తుంది. బొబ్బ పెరిగి పెరిగి పక్కకు పాకుతుంది కనుక, శుభ్రం చేసిన సూదితో కింది అంచున గుచ్చి నీరు పోనివ్వాలి. పైపొర మాత్రం పీకకూడదు, అదే కప్పు. ఎలా గుచ్చాలో మొదటిసారి డాక్టరు దగ్గరే నేర్చుకోవాలి. పుండుకు అంటుకోని రకం కట్టు గుడ్డలు దొరుకుతాయి. కట్టు అతుక్కుపోతే లాగకుండా నీటితో తడిపి వదిలించాలి. బూడిద, పసరు, పేడ పూయకూడదు. పుండ్ల గుండా బలం కారిపోతుంది కాబట్టి ఈ పిల్లలకు మామూలు పిల్లల కంటే ఎక్కువ తిండి కావాలి. మెత్తగా చేసి, చల్లార్చి పెట్టాలి. తోటి పిల్లలు పక్కన కూర్చుంటే ఏమీ కాదు. బడిలో టీచరుకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

జన్యు పరీక్షకు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జెనెటిక్స్ విభాగం ఉంది. దానితో కలిసి పనిచేసే సిడిఎఫ్‌డి సంస్థ కూడా అక్కడే ఉంది. ఈ రెండింటినీ కలిపి 2021లో కేంద్ర ప్రభుత్వం అరుదైన వ్యాధుల కేంద్రంగా గుర్తించింది. మళ్ళీ కడుపు వచ్చాక పరిగెత్తడం కంటే ముందే వెళ్ళడం మంచిది. బిడ్డలో తెగిన చోటు ఏదో తెలిసి ఉంటేనే మూడో నెలలో కడుపులో బిడ్డకు వెతకడం కుదురుతుంది. ఈ పరీక్షలో ఆడా మగా చెప్పరు, చెప్పడం నేరం. వెళ్ళేటప్పుడు బిడ్డ పాత కాగితాలు, పుట్టినప్పటి ఫొటోలు ఉంటే తీసుకెళ్ళాలి. బిడ్డతో పాటు తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళి రక్తం ఇవ్వాలి. తల్లి ఒక్కదాన్నే పంపిస్తే పరీక్ష సగమే అవుతుంది.